బానెట్ తెరిచిన పాపానికి

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా వైపు రోడ్డు మీద ఏ కారైనా బానెట్ తెరుచుకుని నిలబడిందంటే దానికి ఒకటే అర్థం. పాపం, ఆగిపోయింది. ఇక దారిన పోయే ప్రతి మనిషీ ఆగాలి. సైకిలు మీద పోయేవాడు సైకిలు దిగాలి. పత్తి ట్రాక్టరు మీద పోయేవాడు ట్రాక్టరు ఆపించాలి. వంగి ఇంజను లోపలికి తొంగి చూడాలి, ఏదో ఒకటి ముట్టుకోవాలి, ఒక సలహా ఇవ్వాలి. ఇవ్వకుండా వెళ్ళిపోతే మనిషికి మర్యాద తెలియదని లెక్క. ఈ మర్యాద వల్ల నాకు జరిగిన ఘోరాన్ని ఇన్నేళ్ళలో చాలామందికి చెప్పుకున్నాను. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది. మీరైనా నా పక్షాన ఆలోచిస్తారని రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. గుంటూరులో ఒక విత్తనాల కొట్లో ఉద్యోగం. ఆదివారం వస్తే సత్తెనపల్లిలో మా మావయ్య ఇంట్లో మకాం. మావయ్యకి ఒక పాత కారు ఉండేది. (ఏ కంపెనీదో చెప్పను. ఆ కంపెనీకి నేను రాసిన ఉత్తరానికి ఇప్పటిదాకా జవాబు లేదు.) లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, స్టీరింగు కిందే గేరు కడ్డీ. మిరపకాయల కోతలప్పుడు కూలీలకి అన్నం క్యారేజీలు మోసింది, మా అక్క పెళ్ళిలో పెళ్ళికొడుకుని మోసింది, ఆఖరికి వసారాలో కోళ్ళకి నీడనిస్తూ నిలబడిపోయింది. నేనే పట్టుదలగా దాన్ని బాగుచేయించాను. ఆదివారాలన్నీ దానికే ధారపోసి మొహం కనిపించేలా తుడిచాను. అంతా అయ్యాక మావయ్య తాపీగా, "పాత ఇనుము కొనేవాడికి మాటిచ్చానురా. సోమవారం వచ్చి పట్టుకుపోతాడు" అన్నాడు, కాలు విరిగిన మంచం గురించి చెప్పినట్టు.

సరిగ్గా ఆ ఆదివారమే గుంటూరులో ఒక కాలేజీ మైదానంలో పెద్ద కార్ల ప్రదర్శన. పాత కార్లు, కొత్త కార్లు, హైదరాబాదు నుంచి, మద్రాసు నుంచి కూడా వస్తున్నాయని గోడలనిండా కాగితాలు అంటించారు. మన కారుని కూడా పెడదాం మావయ్యా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "సాయంత్రం బాగున్న కార్లని ఏరి మైదానం చుట్టూ తిప్పుతారట కదా. అందులో మనది తిరిగితే ఉంచేస్తాను. తిరక్కపోతే సోమవారం వాడొస్తాడు, నువ్వు అడ్డం పడకూడదు" అన్నాడు. ఒప్పుకున్నాను. తిరగదని నాకు కలలో కూడా అనిపించలేదు.

పెద్ద ప్రదర్శనలో కారు పెట్టేవాడు ఏమేం తెచ్చుకోవాలో నాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు. గొడుగు తెచ్చుకోవాలి, కుర్చీ తెచ్చుకోవాలి, మంచినీళ్ళు తెచ్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా తాడు తెచ్చుకోవాలి. నాతోపాటే లోపలికొచ్చిన నల్లటి పొడుగాటి కారు హైదరాబాదు ఆయనది. ఆయన వస్తూనే నాలుగు ఇత్తడి కడ్డీలు పాతి చుట్టూ ఎర్రతాడు కట్టించాడు. నేను చేతులూపుకుంటూ వెళ్ళాను. పైగా నాకిచ్చిన చోటు గేటు పక్కనే, చెరుకు రసం బండికి ఆనుకుని. (లోపల వేపచెట్ల కింద ఖాళీ ఉంది. అడిగితే "అది పెద్ద కార్లకండీ" అన్నాడు ఒక కుర్రాడు. వాడి మొహం ఇప్పుడు చూపించినా గుర్తుపడతాను.) చివరగా మైకులో ఒక ప్రకటన వచ్చింది. జడ్జీలు ఇంజన్లు చూస్తారు, అందరూ బానెట్లు తెరిచి ఉంచాలి.

తెరిచాను. అంతే.

మొదట వచ్చింది పచ్చ కండువా వేసుకున్న ఒక పెద్దాయన. పొదిలి నుంచి కూతురి ఇంటికి వచ్చాడట. నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఏమైంది బాబూ? ఆగిపోయిందా?" అన్నాడు ఎంతో జాలిగా.

"ఆగిపోలేదండీ. నేనే ఆపాను."

"నువ్వే ఆపితే మూత ఎందుకు తీశావు?"

"అందరూ చూడ్డానికండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సిగ్గుపడకు బాబూ, ఎవరికైనా జరిగేదే" అని, గేటు బయటికి చూసి, "ఒరేయ్, ఇట్లా రండిరా, పాపం ఈ అబ్బాయి బండి ఆగిపోయింది!" అని కేకేశాడు.

ఇక చూసుకోండి. ఎర్రతాడు వెనక ఉన్న కార్లని జనం దూరం నుంచి చేతులు కట్టుకుని చూస్తున్నారు. నా కారులోకి మాత్రం మోచేతుల దాకా చేతులు పెట్టేస్తున్నారు. ఒకాయన రేడియేటరు మూత తీసి వాసన చూశాడు. ఒకాయన నేను బ్రాసో పెట్టి రుద్దిన గొట్టాన్ని పట్టుకుని గట్టిగా ఊపి, "ఇదిగో, ఇది లూజు" అన్నాడు. ఊపక ముందు అది లూజు కాదు. ఒకావిడ చంటిపిల్లాడితో సహా వెనకసీట్లో కూర్చుని, "బాగయ్యాక నరసరావుపేట వెళ్తుందా?" అని అడిగింది. "ఇది టాక్సీ కాదమ్మా, ప్రదర్శన" అన్నాను. "సరేలే, బాగయ్యేదాకా కూర్చుంటా" అంది. నేను నిర్ఘాంతపోయి నిలబడితే, పెద్దాయన నాకు చెరుకు రసం తెప్పించి, "తాగు, ధైర్యంగా ఉండు" అన్నాడు. బంధువు పోయిన ఇంట్లో కూర్చున్నట్టు ఉంది నాకు.

సాయంత్రం కావస్తుంటే మైదానం అవతలి కొసకి వెళ్ళాల్సిన అవసరం పడింది. (మనిషన్నాక తప్పదు కదా.) కారుని కాస్త కనిపెట్టుకుని ఉండమని పెద్దాయనకే అప్పగించాను. తిరిగొచ్చేసరికి జనం రెట్టింపయ్యారు. వాళ్ళ ముందే ముగ్గురు జడ్జీలు అట్టలూ పెన్నులూ పట్టుకుని నిలబడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తాను. టోపీ పెట్టుకున్న పెద్ద జడ్జీ ఇంజను మీదకి వంగి, "చాలా శుభ్రంగా ఉంచారే!" అన్నాడు. నా జన్మ ధన్యమైందనుకుంటుండగా పెద్దాయన అందుకున్నాడు.

"శుభ్రానికేం లోటు లేదండీ. కదలదు, అంతే."

"కదలదా?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉందండీ. మేమంతా సాక్ష్యం!" అన్నారు జనం ఒక్క గొంతుతో.

"అబద్ధం సార్! పొద్దున సత్తెనపల్లి నుంచి నడుపుకుంటూ వచ్చాను!" అని అరిచాను.

టోపీ ఆయన చిరునవ్వు నవ్వి, "ఏదీ, ఒకసారి స్టార్ట్ చెయ్యండి" అన్నాడు. సంతోషంగా ఎక్కి తాళం తిప్పాను. ఇంజను గరగరమంది గానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ. వెనకసీట్లో చంటిపిల్లాడు ఏడుపు మొదలెట్టాడు. దిగి చూస్తే ఇంజనుకి కరెంటు పంచే డబ్బా మూత ఊడదీసి ఉంది. అందులో ఉండాల్సిన చిన్న నల్లటి ముక్క, రోటరంటారు, అది లేదు.

"ఇందులో ముక్కేదండీ?"

"అదా? ఆ గళ్ళచొక్కా ఆయన తీసుకెళ్ళాడు" అన్నాడు పెద్దాయన ప్రశాంతంగా. "నాకొదిలెయ్యండి, తెలిసినవాడి దగ్గర గీకించుకొస్తా అన్నాడు. మంచివాడు. నీ మీద జాలిపడ్డాడు."

"ఎవరాయన? ఏ ఊరు?"

"ఏమో బాబూ."

"కనిపెట్టుకుని ఉండమన్నాను కదండీ!"

"ఉన్నాను కాబట్టే కదా ఎవరు తీసుకెళ్ళారో చెప్తున్నా!"

టోపీ జడ్జీ అట్ట మీద ఏదో కొట్టేసి, "సారీ అండి. నడవని బండి ఊరేగింపుకి కుదరదు" అన్నాడు. సోమవారం ఇనుము వాడి లారీ నా కళ్ళముందు కనిపించింది. సరిగ్గా ఆ క్షణానికే మావయ్య బస్సు దిగి గేట్లోంచి లోపలికొచ్చాడు, పంచె కొస చేత్తో పట్టుకుని. జరిగింది జనమే ఆయనకి వివరించారు, తలా ఒక ముక్క. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతాడనుకున్నాను. అట్లా జరగలేదు. జడ్జీ వైపు తిరిగి, "ఎవరండీ మా బండిని కుదరదనేది?" అన్నాడు.

ఇనుము వాడికి మాటిచ్చిన మనిషి!

ఆ ఒక్క మాటతో జనమంతా ఆయన పక్కకి వచ్చేశారు. పొద్దుట్నుంచీ చచ్చిన బండి అన్నవాళ్ళు ఒక్కసారిగా జడ్జీల మీద పడ్డారు. "పొద్దుట్నుంచీ మేం కష్టపడుతుంటే మీరు రెండు నిమిషాలు చూసి పోతారా?" అని ఒకాయన. "హైదరాబాదు బండైతే ఇట్లాగే అనేవాళ్ళా?" అని ఇంకొకాయన. పెద్దాయన కండువా నడుముకి బిగించి, "బాగున్న బండ్లు వాటంతటవే తిరుగుతాయి. మన బండి బాగోలేదు కాబట్టి మనం తిప్పుదాం. పట్టండిరా!" అన్నాడు. పట్టారు. మావయ్యని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. వెనకసీటు ఆవిడ దిగనంది. ఎవరో బంతిపూల దండ తెచ్చి ముందు దీపాలకి చుట్టారు. మెరిసే నల్లకారు వెనకే మా ఆకుపచ్చ కారు హైలెస్సా అనే అరుపుల మధ్య కదిలింది. మావయ్య పెళ్ళికొడుకులా అటూ ఇటూ నమస్కారాలు పెడుతున్నాడు. మైకులో "దయచేసి ఆ బండిని ఆపండి" అని ప్రకటన వస్తుంటే జనం అది తమని మెచ్చుకోవడమనుకుని చప్పట్లు కొట్టారు. ఆ బండిని తుడిచినవాణ్ణి, బాగుచేయించినవాణ్ణి, నన్ను మాత్రం ఎవరూ ఎక్కమనలేదు. "ఏమయ్యా, నిలబడి చూస్తావేం, నెట్టు!" అన్నాడు ఒకాయన. కొత్త తెల్లచొక్కాతో, దుమ్ములో, వెనకనుంచి నెట్టాను.

చీకటి పడుతుంటే గళ్ళచొక్కా ఆయన రోటరుని కాగితంలో పొట్లం కట్టుకుని, ఇంకో పొట్లంలో మిరపకాయ బజ్జీలతో తిరిగొచ్చాడు. "ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అన్నాడు. అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ముక్క పెట్టాక కారు ఎప్పట్లాగే మూడోసారికి అందుకుంది. మావయ్య పెద్దాయన్నీ, గళ్ళచొక్కా ఆయన్నీ, నరసరావుపేట ఆవిణ్ణీ ఎక్కించుకుని, నా వైపు తిరిగి, "చోటు లేదురా, నువ్వు బస్సుకి రా" అన్నాడు. అంతలోనే కిటికీలోంచి తల బయటపెట్టి, "తిరిగితే ఉంచుతానన్నాను. తిరిగింది. ఎట్లా తిరగాలో మనం అనుకోలేదు కదా?" అని నవ్వాడు. సోమవారం వచ్చిన ఇనుము వాణ్ణి మజ్జిగ ఇచ్చి పంపేశాడట.

మర్నాడు పేపర్లో, జిల్లా పేజీలో, బొమ్మ పడింది. స్టీరింగు ముందు మావయ్య, పక్కన పెద్దాయన, దీపాలకి దండ, వెనక జనసముద్రం. జనంలో కుడిచేతి వైపు చివర్లో, తెల్లచొక్కాలోంచి బయటికొచ్చి కారు మీద ఆనిన ఒక మోచెయ్యి ఉంది. నా మొహం ఉండాల్సిన చోట ఇంకెవరిదో గొడుగు అడ్డం. ఆ పేపరు ముక్కకి పటం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాను. మొన్న మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, "ఇది ఎవరి మోచెయ్యైనా కావచ్చు కదా నాన్నా?" అంది. ఇంత మాట అంటుందనుకోలేదు. చొక్కా పైకి మడిచి, నా మోచేతిని పటం పక్కన ఆనించి చూపించాను. పటంలో దానికి ఎముక బాణం మొనలా పొడుచుకొచ్చి ఉంది. నాది బూరెలా గుండ్రంగా ఉంది. అమ్మాయి దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది. నేనూ చూశాను.

"నీది కాదు నాన్నా" అంది.

చొక్కా దించుకున్నాను. నాకూ కాస్త అనుమానం వచ్చింది.