హాల్ టికెట్ లేని కల

నాకు నలభై మూడేళ్లు. తొర్రూరు బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ షాపు నాది. ఏ పరీక్ష వచ్చినా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు దరఖాస్తు నింపేది నేనే, హాల్ టికెట్ తీసిచ్చేది నేనే. అటువంటి నాకు ఇరవై ఏళ్లుగా ఒకటే పీడకల. పరీక్ష హాలు గేటు ముందు నిలబడి ఉంటాను, చేతిలో హాల్ టికెట్ ఉండదు. జేబులన్నీ వెతుకుతాను. ఒకసారి చెరుకు ముక్క దొరికింది, ఇంకోసారి పక్కింటివాళ్ల కరెంటు బిల్లు. ఈలోపు గేటు మూసేస్తారు. చెమటలు పట్టి లేచి కూర్చుంటాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

ఈ కల ఎందుకొస్తుందో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు, గ్రూపు పరీక్షలు మూడుసార్లు, టీచరు కొలువు పరీక్ష నాలుగుసార్లు రాశాను. చివరిసారి అరమార్కుతో పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటాను. పోయింది పద్దెనిమిది మార్కులతో.

ఆ కలను నాలోనే దాచుకుని ఉంటే సరిపోయేది. అన్నం తినేటప్పుడు దాన్ని నటించి చూపించేవాణ్ని. జేబులు తడుముకునేవాణ్ని, వాచ్‌మన్ కాళ్లావేళ్లా పడేవాణ్ని. నా భార్య నవ్వేది. నాలుగో తరగతి చదివే మా బిడ్డ పొలమారేదాకా నవ్వేది. నవ్వుతో ఆపితే నేనెందుకవుతాను? ముద్ద కలుపుతూ ఒక మాట చేర్చేవాణ్ని: "నేనైతే గేటు బయటనే ఉండిపోయిన బిడ్డా. నువ్వన్నా లోపలికి పోవాలె." చివర నీతి లేకుండా కథ చెప్పడం నాకు చేతకాదు.

ఆ ఏడు గురుకులంలో అయిదో తరగతి సీటు కోసం బిడ్డతో ప్రవేశ పరీక్ష రాయించాలనుకున్నాం. ఎవరి దరఖాస్తయినా పది నిమిషాల్లో ముగించే నాకు సొంత బిడ్డది నింపడానికి గంటన్నర పట్టింది. పుట్టిన తేదీ నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

ఆ వారంలోనే కేకలు మొదలయ్యాయి. తెల్లారుగట్ల బిడ్డ ఉలిక్కిపడి లేచి అరిచేది. ఒళ్లంతా చెమట. ఏమైందని అడిగితే చెప్పేది కాదు, తల్లిని కరుచుకుని పడుకునేది. వారానికి మూడు నాలుగుసార్లు అట్లాగే అయ్యేది. పగలు పుస్తకం ముందు తూగేది, ముఖం పీక్కుపోయింది. నాకు నిజంగా భయమేసింది. నాకు భయమేస్తే కోపం వస్తుంది, అది ఎవరి మీదో ఒకరి మీద పడితే గానీ దిగదు.

మొదట సెల్‌ఫోన్ మీద పడింది. ఫోన్లో దయ్యాల వీడియోలు చూస్తోందని తేల్చి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. అది నా ఫోనే. మర్నాడంతా గిరాకీలు బీరువాకు ఫోన్ చేశారు. తర్వాత నా భార్య మీద పడింది. రాత్రిపూట పెరుగన్నం పెట్టడం వల్లే పీడకలలు వస్తున్నాయన్నాను. ఆ రోజు నుంచి నాకు కూడా పెరుగు బంద్ అయింది.

సంగతి తెలిసి భూపాలపల్లి నుంచి మా అత్తమ్మ బస్సెక్కి వచ్చింది. సంచి కింద పెట్టకుండానే, "పొల్ల దేనికో దడుసుకున్నది అల్లుడా. దిష్టి గట్టిగ తలిగింది," అన్నది. ఉప్పు, ఎండు మిరపకాయలు బిడ్డ చుట్టూ తిప్పి మంటలో వేసింది. ఘాటు రాలేదు. వంటింటి కిటికీ తెరిచి ఉంది కాబట్టి రాలేదని నేను, దిష్టి అంత పెద్దది కాబట్టి రాలేదని ఆమె. ఇనుము పక్కన ఉంటే పీడకలలు రావని కూరగాయల కత్తి బిడ్డ దిండు కింద పెట్టింది. కాళేశ్వరం గుడి నుంచి తెచ్చిన దారం బిడ్డ చేతికి కట్టింది.

"నేను సైన్సు చదివినోణ్ణి అత్తమ్మా, నాకు గివన్ని చెప్పకు," అన్నాను. ఆ రాత్రి మాత్రం కత్తి దిండు కిందే ఉందో లేదో అని రెండుసార్లు లేచి చూశాను. మిగిలిన దారం ముక్క నేను కట్టుకున్నాను. గడియారం కింద కనబడదు.

కేకలు ఆగలేదు. పొద్దున ఉల్లిగడ్డలు కోయడానికి కత్తి దొరక్కపోవడం తప్ప ఇంట్లో వేరే మార్పు రాలేదు.

చివరికి జనగామలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. వట్టి చేతులతో పోవడం ఎందుకని, పీడకలలు ఎందుకొస్తాయో ఇంటర్నెట్లో దొరికినదంతా ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి పట్టుకుపోయాను. ఆమె తీసుకుని, దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకుంది.

బిడ్డను పరీక్ష చేసి, తల్లితో బయటికి పంపి, నన్ను అడిగింది: "పండుకున్న కాసేపటికి అరుస్తదా, తెల్లారుగట్లనా?"

"తెల్లారుగట్ల మేడం."

"అయితే కల యాదికుంటది. పండుకున్న గంటకో రెండు గంటలకో అరిచే పిల్లలకు పొద్దున ఏం గుర్తుండదు, అది వేరే. పగలు ఎవరికీ చెప్పుకోని భయం ఉంటే నిద్రల మళ్ల మళ్ల వస్తది. పిల్లలకైనా, పెద్దలకైనా. ఇంతకూ కలల ఏమొస్తదో అడిగినరా?"

"అడిగినం. చెప్తలేదు."

"ఎప్పుడు అడిగిండ్రు?"

"అరిచినప్పుడే."

"అప్పుడు కాదు. పగటిపూట, ఊరికె కూసున్నప్పుడు అడుగుండ్రి. అడిగి ఊకోండి. చెప్పినంక, ఆ కల ఎట్ల మారితే బాగుంటదో ఆమెనే చెప్పమనుండ్రి." కాసేపు నన్ను చూసి మళ్లీ అన్నది, "అడిగి ఊకోండి."

ఫోనుకు తాళం వేశాం, పెరుగు మాన్పించాం, మిరపకాయలు కాల్చాం. బిడ్డను ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగలేదు. తిరుగు బస్సులో నాకు చాలా సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం షాపులో కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. బిడ్డా నేనూ బల్ల మీద పల్లికాయలు పోసుకుని ఒలుచుకు తింటున్నాం.

"కలల ఏమొస్తది బిడ్డా?" అన్నాను.

ఆమె ఒలుస్తూనే ఉంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. తెల్లకాగితాల కట్టలు అటువి ఇటు, ఇటువి అటు రెండుసార్లు సర్దాను.

"నీ కలనే వస్తది డాడీ," అన్నది.

"నా కలనా? హాల్ టికెట్ పోతదా?"

"నాది పోదు. నేను లోపల్నే కూసుంట. లెక్కలన్నీ వస్తయి. నీదే ఉండదు. నువ్వు నా స్కూల్ డ్రెస్ ఏసుకొని గేటు కాడ నిలవడతవ్. అది నీకు పట్టదు. అందరు నవ్వుతరు. నువ్వు ఏడుస్తవ్. నీ దగ్గరికి వద్దామంటే నాకు లేవస్తలేదు."

బిడ్డ పరీక్షకు భయపడలేదు. నాకోసం భయపడింది. అన్నం ముందు కూర్చుని నేను ఆడిన నాటకానికి అంత నవ్విన పిల్ల, చివర చేర్చిన మాటను ఎట్లా మోసిందో నాకు అప్పుడు తెలిసింది. ఆస్తి ఇవ్వలేకపోయాను, నా దగ్గరున్న పీడకల మాత్రం భద్రంగా ముట్టజెప్పాను. ఏడుపొచ్చింది. ఇప్పుడు నేను ఏడిస్తే కల నిజం చేసినట్టే అవుతుందని నోట్లో నాలుగు పల్లీలు పోసుకున్నాను.

"ఆ పరీక్ష వద్దు బిడ్డా, రాయకు."

"ఎందుకు? నాకు వస్తయి గద," అన్నది.

డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. "మరి ఆ కల ఎట్ల మారాలె? గేటు కాడ నేనేం చెయ్యాలె?" అని అడిగాను. నాకు హాల్ టికెట్ దొరికిందనో, వాచ్‌మన్ నన్ను లోపలికి పంపాడనో చెబుతుందనుకున్నాను. అందియ్యడానికి రెండు మూడు ముగింపులు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా.

ఆమె చేతులు దులుపుకుంది. "ఇంటికి పో డాడీ. పోయి అన్నం తిని పండుకో. నేను రాసొస్త."

కేకలు ఒక్కరోజులో ఆగలేదు. వారానికి ఒకటయ్యాయి, తర్వాత ఎప్పుడో ఒకసారి. పరీక్ష మహబూబాబాద్‌లో పడింది. తల్లీబిడ్డలతో పాటు నేనూ పోయాను. గంట కొట్టగానే బిడ్డ లోపలికి నడిచింది. నా భార్య నీడ చూసుకుని కూర్చుంది. తండ్రులందరూ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. నాకూ పట్టుకోవాలనే ఉంది. ఎట్లాగో ముఖం తిప్పుకుని బస్టాండు వైపు నడవబోతుంటే పక్కన ఒకాయన అడిగాడు, "ఏందన్నా, గప్పుడే పోతున్నవా? ఇడిసిపెట్టేదాక ఉండవా?"

"మా బిడ్డ ఇంటికి పొమ్మన్నది," అన్నాను.