మాట్లాడొద్దన్న సంగతి మా అవ్వ అందరికీ చెప్పింది

ఈ రోజు మంచిర్యాలలో మా అవ్వకు దవడ పన్ను తీయించాను. డాక్టర్ పన్ను తీసిన చోట దూది పెట్టి, "గంటసేపు గట్టిగ కొరికి పట్టుకో అవ్వా. ఉమ్మొద్దు, మాట్లాడొద్దు" అన్నాడు. అవ్వ బుద్ధిగా తలూపింది. ఆ బుద్ధి లక్సెట్టిపేట బస్సు ఎక్కేదాకా నిలిచింది.

బస్సులో మా వీధి రాజవ్వ కనిపించి, "దవడ గట్ల ఉబ్బిందేందే?" అని అడిగింది. అంతే, అవ్వ దూది తీసి చేతిలో పట్టుకుంది.

"పన్ను పీకిచ్చుకున్ననే. నోరే తెరవద్దన్నడు డాక్టరు!"

అది విని ముందు సీటామె వెనక్కి తిరిగింది. అవ్వ ఆమెకూ మొదటి నుంచి చెప్పింది.

"అవ్వా, మాట్లాడొద్దన్నడు గదా!" అన్నాను.

"గదే చెప్తున్న గదనే! జర చెప్పనియ్యి."

బస్సు కదలకముందే నోట్లోంచి కారిన రక్తంతో అవ్వ కొంగు ఎర్రబడింది. దిగి మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తాం. కొత్త దూది పెట్టి, డాక్టర్ "మాట్లాడినవా అవ్వా?" అని అడిగాడు. అవ్వ పెదాలు బిగించి, లేదని అడ్డంగా తలూపింది. ఈ రోజంతా ఆయన మాట విన్నది ఆ ఒక్క అబద్ధం చెప్పేటప్పుడే.

దూది ఆపలేని నోటిని ఆపే ఉపాయం మీకేమైనా తెలిస్తే కింద రాయండి. అవ్వకు చదివి వినిపించనులెండి.