తునికి చెట్టు కింద

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే ముచ్చట కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లు చల్లబడతాయి. అందుకే పక్కన మనిషి ఉంటే తప్ప దీన్ని ఎత్తుకోను.

ఆడవాళ్లకు బస్సు కిరాయి లేకుండా చేసిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. మాది గొర్లూ మేకలూ కాసిన ఇల్లు. కరువు పడిన ఏళ్లలో నా పెనిమిటి మందను తోలుకుని అచ్చంపేట అవతల నల్లమల దాకా పోయేవాడు. నెలల తర్వాత తిరిగి వచ్చి, అక్కడ గుట్ట మీద ఒక పెద్ద బండ ఉందని, దాని మీద నిలబడితే ఎక్కడో కింద కృష్ణ మడత విప్పిన పంచెలా కనిపిస్తుందని చెప్పేవాడు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. అన్న నిలబడిన ఆ బండ మీద తానూ ఒక్కసారి నిలబడాలని ఆయన చెల్లెలికి, అంటే మా ఆడబిడ్డకు, కోరిక పుట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే అడవి దాకా బస్సే తీసుకుపోతుంటే ఇంకా ఎవరి కోసం చూస్తున్నావని వారం రోజులు నా ప్రాణం తీసింది.

ఆమెకు షుగర్. పొద్దున గోలీ వేసుకుంటే యాళ్లకు కడుపులో ఇంత పడాల్సిందే. ఒకసారి పెళ్లింట్లో వడ్డన ఆలస్యమై, పంక్తిలోనే పక్కకు ఒరిగిపోయింది. మూతి పక్కకు పోయింది, కళ్లు తేలేసింది. నోట్లో చక్కెర వేస్తే లేచింది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని దవాఖానలో చెప్పారు. బస్సెక్కేటప్పుడు ఆమె కొడుకు కిటికీ దగ్గరికి వచ్చి నాతో ఒకటే మాట అన్నాడు.

"అత్తా, అమ్మకు ఆకలైతే చెప్పదు. నువ్వే చూసుకోవాలె. నీ మీదనే ఇడుస్తున్న."

సంచిలో జొన్నరొట్టెలు, ఉల్లికారం, చాక్లెట్లు, నీళ్లు, మా ఆధార్ కార్డులు ఉన్నాయి. ఆ సంచి నేనే మోస్తానన్నాను.

అచ్చంపేటలో బస్సు మారి, అడవి చెక్‌పోస్టు దగ్గర దిగాము. గేటు కాడ కాపలా ఉన్న చెంచు ఆయన మా చెప్పుల వంక చూసి, బాట విడవొద్దని, నాలుగు గంటలకల్లా రోడ్డు మీద ఉండాలని చెప్పాడు. తునికి పండ్లు రాలే కాలం, ఎలుగులు ఆ పండ్ల కోసం దిగుతాయి, ఆ చెట్ల కిందికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాడు. మేము తలలూపాము.

ఎక్కేటప్పుడు నవ్వుకుంటూనే ఎక్కాము. నేను మధ్య మధ్య ఆగుతుంటే ఆడబిడ్డ ముందు నుంచి ఒకటే ఎకసెక్కాలు.

"మా అన్న నిన్ను ఇంట్ల వెట్టి ఒక్కడే ఎందుకొచ్చెటోడో ఇప్పుడు సమజైంది వదినా. నీ ఎంబడి నడిస్తే మేకపిల్లలకు గడ్డాలొస్తయి."

రెండు గంటల నడక. బండ మీదికి చేరేసరికి ఎండ మాడుకు తగులుతోంది. కింద కృష్ణ కనిపించింది, కానీ ఎండపొగలో సగమే. ఆమె చేతులు జోడించి నిలబడింది. ఆమెను చూసి నాకూ ఏడుపు వచ్చింది. సంచి కింద పెట్టి నేనూ చేతులు జోడించాను. అంతే. వెనుక చప్పుడైతే తిరిగి చూశాము. పెద్ద మగకోతి ఒకటి సంచిని ఈడ్చుకుంటూ బండ అంచు దిగిపోతోంది. నేను రాయి విసిరాను. సంచి కింద లోయలోకి జారిపోయింది. రొట్టెలు, చాక్లెట్లు, నీళ్లు అన్నీ పోయాయి.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెల్లవారుజామున వేసుకున్న గోలీ ఆమె కడుపులో పని చేస్తోంది. రోడ్డు రెండు గంటల దూరం. ఏమీ కాదులే, తొందరగా దిగుదాం అన్నాను.

సగం దిగాక నేను ఆ తప్పు చేశాను. బాట పక్క నుంచి ఒక సన్నటి దారి చీలి పోతోంది. దాని మీద పెంటికలు కనిపించాయి. నల్లగా, నిగనిగలాడుతూ, గుప్పెడు గుప్పెడు పోసినట్టు ఉన్నాయి. ఒకటి తీసి నొక్కి చూశాను. మెత్తగా ఉంది. ఈ పొద్దున మేకలు పోయిన జాడ. మేకలుంటే కాపరి ఉంటాడు, కాపరి దగ్గర సద్ది ఉంటుంది. మంద కాడికి వచ్చిన మనిషిని ఆకలితో పంపే కాపరి లేడు. రోడ్డు దాకా పోవడం కంటే ఇదే దగ్గర అనిపించింది.

ఆమె ఆగింది. "బాట ఇడువొద్దన్నడు గదా వదినా."

"మేకల జాడ నాకు చెప్తున్నవా? పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి వాటెనుకనే ఉన్న. నడువు."

ఆ మాట అన్నది నేనే. చాలా దూరం నడిచాము. పెంటికలు ఉన్నాయి, మంద లేదు. ఒక దగ్గర ఊపిరి తీసుకుందామని ఆగి, మామూలుగా తల పైకెత్తి చూశాను. అప్పుడు తెలిసింది. కాపరి పోయిన దారిలో కొమ్మలు ఊరికే ఉండవు. దోటి పెట్టి చిటారు రెమ్మలు లాగి మేకలకు వేస్తాడు. ఆ దారి వెంట ఏ చెట్టు చూసినా కొన దాకా నిండుగా ఉంది. ఎక్కడా కొడవలి పడిన గుర్తు లేదు. మేకపోతు వాసన లేదు. గంట చప్పుడు లేదు, కుక్క అరుపు లేదు. నేను నొక్కి చూసినవి జింకలవి. జన్మంతా మేకలను చూసిన దాన్ని, జింక పెంటికలు అచ్చం అట్లాగే ఉంటాయని నాకు తెలియదు. జింకలకు ఊరు లేదు, సద్ది లేదు. అవి అడవి లోపలికి పోతాయి, వాటిని తినేవి వాటి వెనుక పోతాయి.

తిరిగి చూస్తే వచ్చిన దారి రెండుగా కనిపించింది. ఏది మాదో గుర్తు పట్టలేకపోయాను.

"మంద ఏది వదినా?"

"ముంగటనే ఉంది," అన్నాను.

ఆమె మళ్లీ అదే అడిగింది. మూడోసారి అడిగినప్పుడు మాట ముద్దగా వచ్చింది. చూస్తే ముఖం నిండా చెమట, రవిక తడిసి ఒంటికి అంటుకుంది. చేతివేళ్లు వణుకుతున్నాయి. పట్టుకోబోతే నా చేయి విదిలించి కొట్టింది. ఆమె నన్ను ఎన్నడూ కొట్టలేదు. పెళ్లింట్లో పడిపోయే ముందు కూడా ఇట్లాగే పక్కనున్న మనిషి మీద కోపానికి వచ్చిందని గుర్తొచ్చింది. ఒక రాయికి ఆనించి కూర్చోబెట్టాను. కళ్లు నన్ను చూస్తున్నాయి గానీ, గుర్తుపట్టడం లేదు.

చుట్టూ చూశాను. పల్లంలో, పది పదిహేను అడుగుల దూరంలో ఒక తునికి చెట్టు. కింద పసుపుపచ్చగా పండ్లు రాలి ఉన్నాయి. ఆ తీపి చాలు ఆమెకు. గేటు కాడ మనిషి చెప్పిన మాట గుర్తుంది. అయినా దిగాను.

చెట్టు మొదట్లో నేల కొత్తగా తవ్వి ఉంది. బెరడు మీద గోళ్లతో చీరిన గీతలు, ఇంకా పచ్చిగా ఉన్నాయి. పక్కనే పేడ కుప్ప, దాని నిండా తునికి గింజలు, తడి కూడా ఆరలేదు. కొంగు పట్టి పండ్లు ఏరడం మొదలుపెట్టాను. నాలుగో ఐదో వేశానో లేదో, పొదల్లో కొలిమితిత్తి ఊదినట్టు చప్పుడైంది. ఒకసారి. ఆగి, మళ్లీ ఒకసారి. పొద కదల్లేదు. తోడేలు ఎదురైతే వీపు చూపించొద్దని, పరుగెత్తొద్దని నా పెనిమిటి చెప్పేవాడు. ఎలుగు సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకో గుప్పెడు కొంగులో వేసుకుని, పొద మీది చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి ఒక్కో అడుగు వేస్తూ ఎక్కాను. ఆ పొద వెనుక ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు.

పండు చిదిమి గుజ్జు ఆమె చిగుళ్లకు రాశాను. మింగలేదు. మళ్లీ రాశాను. దవడ పట్టి రుద్దాను. నా మీద ఇడుస్తున్నానన్న పిల్లవాడికి ఏమని చెప్పాలి, ఆ మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. ఎంతసేపో చెప్పలేను. చివరికి నాలుక కదిలింది. రెండో పండు తానే చప్పరించింది. నాలుగో పండుకు నా ముఖం వంక చూసి గింజ ఉమ్మింది.

"వగరున్నది," అంది.

అప్పుడు ఏడ్చాను, చప్పుడు కాకుండా, పొద వంక చూస్తూనే.

ఆమె లేచి నిలబడే లోపు, ఎక్కడో దూరాన మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఘాటు రోడ్డులో ప్రతి మలుపుకూ కొడతారు. తప్పిపోయిన మేకను గంట చప్పుడును బట్టి వెతికేటప్పుడు మేము ఒకటే పాటిస్తాము. చప్పుడు వచ్చిన దిక్కుకు నడవాలి, గురి తప్పినట్టు అనిపిస్తే అక్కడే ఆగి మళ్లీ వినబడేదాకా కదలకూడదు. ఆ రోజు మేమే తప్పిపోయిన మేకలం. నడిచాము, ఆగాము. ఆగిన ప్రతిసారీ వెనుక ఆకు గలగలమంటే ఇద్దరం ఒకరి చేయి ఒకరం బిగించాము. హారన్ రాని ఆ మధ్యకాలమే అన్నిటికంటే పొడుగు. ఐదారు బండ్లు పోయాక చెట్ల సందుల నుంచి నల్లటి తారు కనిపించింది.

పొద్దు ఇంకా ఉంది. చేయి ఎత్తితే అచ్చంపేట బస్సు ఆగింది. గేటుకు ఎంతో దూరాన, ముళ్లకు చీరలు చినిగి, చేతుల్లో ఏమీ లేకుండా నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లను చూసి కండక్టర్ కార్డు అడగలేదు. ఆధార్ కార్డులు కూడా సంచితోనే పోయాయి. సీటు చూపించి నీళ్ల సీసా ఇచ్చాడు.

బస్సు గేటు దాటాక ఆడబిడ్డ నా భుజం మీద తల పెట్టింది. జింకల సంగతి అంతా చెప్పుకున్నాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఇంట్ల ఎవలికీ చెప్పకు. జింకకూ మేకకూ తేడా తెల్వనిదాని చేతిల మంద వెట్టిండని, మా అన్నను నవ్వుతరు."

అప్పటి నుంచి నా కొంగున బెల్లంముక్క ముడి ఉంటుంది. ఇంట్లో ఉన్నా ఉంటుంది. ఆమె చూసి నవ్వుతుంది. అయినా పొద్దెక్కుతుంటే ఆమె ఇంటికి ఫోన్ చేసి, తిన్నదా అని కొడుకును అడుగుతాను, ఆమెను కాదు.

మీ ఇంటి నుంచి పొద్దున బయలుదేరిన ప్రతి మనిషీ పొద్దు వాలకముందే మీ గడపలో చెప్పులు విడవాలి. మీ పొయ్యి మీద కుండ యాళ్లకు ఉడకాలి. దారి తప్పిన రోజున మీకు వినబడేంత దగ్గర్లో ఒక రోడ్డు ఉండాలి. చల్లగా ఉండండి.