డబ్బా లేని గొంతు

బలసముద్రంలో ఒకప్పుడు పెండ్లయినా, పరస జాతరయినా, ఓట్ల ప్రచారమయినా ముందుగా వినిపించేది హొన్నూరప్ప గొంతే. వేపకొమ్మకు ఇనుప హారన్ కట్టి, మైకును గోటితో తట్టి, "అలో, అలో, ఒకటి, రెండు, మూడు" అనేవాడు. నాలుగు అనగా నేనెప్పుడూ వినలేదు. మూడు దాకా సరిగ్గా పలికితే మైకుసెట్టు బాగున్నట్టే అని ఆయన నమ్మకం. నాకంటే ఏడేళ్లు చిన్న. నా భార్య ఆంజినమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నేను బావనయ్యాను.

నేను ముప్పై నాలుగేళ్లు ఆ ఊరి బ్రాంచి పోస్టాఫీసు చూసుకున్నాను. ఉత్తరాలు కట్టలు కట్టడం, మిగిలిన పొద్దంతా పుస్తకం చదవడం. నా బతుకులో అంతకు మించి చెప్పుకోదగింది లేదు. ఇది హొన్నూరప్ప గురించి రాస్తున్నది. పోయిన ఏడాది ఆయన పోయాడు. అయితే ఆయన గురించి రాయాలంటే, ఆయన మీద నేను పడ్డ అసూయ గురించి రాయక తప్పదు.

మా చేలల్లోకి సోలార్ ప్యానెళ్లు రాకముందు ఎండకాలం మధ్యాహ్నాల్లో ఆంజినమ్మ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేది. ఒక పక్క గోతాం, ఒళ్లో చేట. నేను ఎదురుగా స్తంభానికి ఆనుకుని కథ చదివేవాణ్ణి. ఆమెకు చదువు రాదు, కానీ నేను ఒక పేజీ దాటేస్తే పట్టేసేది. "ఆ యమ్మ అలిగి పోయె గదా, మళ్లీ ఎప్పుడొచ్చె?" అని అడిగేది. ఆ ప్రశ్న కోసమే నేను అప్పుడప్పుడు పేజీ దాటేసేవాణ్ణి.

మా నాలుగెకరాలూ సోలార్ పార్కుకు పోయాక విత్తనం లేదు, ఒలిచే పనీ లేదు. దాంతో పాటు నా చదువు వినడం కూడా పోతుందని నేననుకోలేదు. పుస్తకం తీసినప్పుడల్లా ఆమె లేచిపోయేది.

"చేతులు ఖాళీగా పెట్టుకోని కత వింటే ఏమంటారప్పా? ఒళ్లు బలిసినాదంటారు."

హొన్నూరప్ప చేతులూ అప్పుడే ఖాళీ అయ్యాయి. ఆయన చేనూ ప్యానెళ్ల కిందికే పోయింది. పెండ్లిండ్లకు పావగడ నుంచి ఆటోలంత ఎత్తు డీజే పెట్టెలు రావడంతో ఆయన హారన్లు రేకుల షెడ్డులో మూలకు చేరాయి. ఆయన మాత్రం ఊరికే కూర్చోలేదు. ప్యానెళ్లు వచ్చిన చెక్క పెట్టెల్ని ప్లాంటు గేటు దగ్గర పారేస్తే మోసుకొచ్చాడు. మూతపడిన టూరింగ్ టాకీసువాళ్ల దగ్గర తెచ్చుకున్న పన్నెండంగుళాల పాత స్పీకర్లు రెండు ఆయన దగ్గర ఉండేవి. చెక్కలు అతికించి నడుమెత్తు పలకలు రెండు చేసి, వాటికి గుండ్రంగా కంతలు కోసి, స్పీకర్లు బిగించాడు. వెనక డబ్బా లేదు, మూత లేదు. ఒట్టి పలక.

"ఏమ్రా హొన్నూరా, సగంలో ఆపేసినావే?" అన్నాను.

"సగం గాదు బావా, ఇంతే ఇది. డబ్బాలో పెడితే కుండలో మూతి పెట్టి మాట్లాడినట్లుంటాది. అందుకే డబ్బా తీసేసినా. ముందరికెంత వస్తాదో ఎనక్కీ అంతే వస్తాది."

"మరి పలకెందుకు?"

"ముందర గాలీ ఎనక గాలీ కలిస్తే రెండూ సచ్చిపోతాయి. రెండు మళ్ల నీళ్లు కలవకుండా గట్టు ఎయ్యవా నువ్వు? ఇది గట్టు." పలకను గోడకు మూడడుగుల దూరానికి జరిపి, కాసేపు విని, మళ్లీ అంగుళం జరిపాడు.

ఆ రోజే నాకు ఇంకో సంగతి చూపించాడు. పాత స్పీకర్లకు ప్లస్సు, మైనస్సు గుర్తులు చెరిగిపోయి ఉంటాయి. టార్చిలైటు సెల్లు తీసి వైర్లకు ఆనిస్తే స్పీకరు కాగితం ముందుకు ఎగురుతుంది, లేదా లోపలికి పోతుంది. ముందుకు ఎగిరితే, సెల్లు మొటిమ తగిలిన వైరు ప్లస్సు. దానికి ఆయన ఎర్రదారం కట్టేవాడు. "రెండూ ఒకే తూరి ముందరికి రావల్ల. ఒకటి తోస్తా ఉంటే ఇంగోటి గుంజితే, పాటలో కండ ఉండదు బావా, ఎముకలే." నేను తలూపాను. విన్నది మరిచిపోయే అలవాటు నాకు లేదు.

ఒక మధ్యాహ్నం ఆంజినమ్మ ఆయన ఇంటికి మజ్జిగ ఇవ్వడానికి వెళ్లి ఎంతకూ రాలేదు. వెతుక్కుంటూ పోయాను. షెడ్డులో పలకల వెనక నేల మీద కూర్చుని ఉంది. ముందు కాదు, వెనక. కళ్లు మూసుకుని ఉంది. తంబూర మోత, దాని మీద ఒక ముసలి గొంతు తత్వం పాడుతోంది. అది మా మామ చిన్నరంగప్పది. ఆయన పోవడానికి ముందటి ఏడాది, భజనలో హొన్నూరప్పే క్యాసెట్లో పట్టాడట.

ఆమె నన్ను చూసి, "చిన్నప్పుడు నాయన పాడతా ఉంటే ఆయన ఈపుకు ఆనుకోని పండుకుంటాంటి. పాట ఈపులో నుంచి వచ్చేది. ఇట్లే, ఈ మాదిరే," అంది. కళ్లనుండి నీళ్లు కారుతున్నాయి.

ఇరవై ఎనిమిది ఎండకాలాలు నేను చదివాను. ఎందరెందరో కష్టపడ్డవాళ్ల కథలు చదివాను. ఆమె ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు.

మరునాటి నుంచి ఆమె రోజూ పోయేది. ఉత్త చేతులతో కాదు. ఎవరింటి నుంచో చింతపండు తెచ్చుకుని, సుత్తి, రాయి పట్టుకుని పోయి, ఆ షెడ్డులో పలకల వెనక కూర్చుని గింజలు కొట్టేది. నా పుస్తకానికి దొరకని చేతిపని అక్కడికి దొరికింది. షెడ్డులోంచి టక్ టక్ మంటూ సుత్తి చప్పుడు వినిపించినప్పుడల్లా నేను చదివే పుస్తకం మూసేసేవాణ్ణి.

తరువాత ఒకరోజు ఇంటికొచ్చి, "పెద్దల పండగకు ఓబులేశ్‌ను పిలిపిస్తా ఉండా," అంది. ఓబులేశ్ ఆమె తమ్ముడు. నాయనతో మాట పడక వెంకటమ్మనహళ్లికి పోయి కాపురం పెట్టాడు, ఆయన చావుకు అందలేదు. "హొన్నూరప్ప పండగనాటికి పలకలు ఇంగా నున్నగా చేస్తానన్యాడు. వాడు వొచ్చి నాయన గొంతు ఇనిపోతాడు. ఒక్క తూరి ఇంటే చాలప్పా వాడికి."

హొన్నూరప్ప, హొన్నూరప్ప. నా పేరు ఆమె నోట అన్నిసార్లు వచ్చిన రోజు నాకు గుర్తులేదు.

పండగ వారం ఉందనగా హొన్నూరప్ప వైరు కొనడానికి పావగడ పోయాడు. షెడ్డుకు తాళం వేసే అలవాటు ఆయనకు లేదు. నేను పోయి ఎడమ పలక వెనక, స్పీకరు వైర్లు టేపు వైర్లతో కలిసేచోట అతుకులు రెండూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాను. ఎర్రదారాన్ని కూడా విప్పి స్పీకరు రెండో వైరుకు కట్టాను. మొత్తం రెండు నిమిషాల పని. బయటికి వస్తుంటే నా నీడను చూసి నేనే ఉలిక్కిపడ్డాను.

మరునాడు ఆంజినమ్మ సగం చింతపండు కొట్టకుండానే తిరిగొచ్చింది.

"ఏమి, అప్పుడే వచ్చినావు?"

"అది మా నాయన గొంతు గాదు. ఎవురో బాయిలో కూకోని పాడినట్లుండాది. యాడుండాడో కూడా తెలీదు." చింతపండు గంప దించి నా వైపు చూసింది. "పుస్తకం తీ. సదువు."

చదివాను. సంతోషం పట్టలేక గట్టిగా చదివాను. ఆమె ఏమీ అడగలేదు. రెండు పేజీలు దాటేశాను, అయినా అడగలేదు. నా వేళ్ల వంకే చూస్తూ కూర్చుంది. పుస్తకాన్ని చూస్తోందనుకున్నాను.

అక్కడ హొన్నూరప్ప పలకలతో యుద్ధం చేస్తున్నాడు. గోడకు నాలుగడుగులు జరిపాడు, ఐదడుగులు జరిపాడు. పక్కలకు రేకు బిగించి తీసేశాడు. మూడోరోజు నేను పోయేసరికి షెడ్డు ముందు రెండు స్టూళ్ల మీద ఒక పెద్ద చెక్క పెట్టుకుని రంపానికి పదును పెడుతున్నాడు. ఆ చెక్క ఆయన కొట్టు బోర్డు. నీలం మీద పసుపుపచ్చ కన్నడ అక్షరాలతో ఆంజనేయ సౌండ్స్ అని, పక్కన హారన్ బొమ్మ. మైకుసెట్టు పెట్టిన ఏడాది రాయించుకున్నది.

"దాన్నేం చేస్తావురా?"

"రెండు తుండ్లు చేస్తా. ఇది టేకు బావా. తప్పు నా పలకదే. గట్టు సన్నమైనాది, నీళ్లు పొర్లుతా ఉండాయి. నలభై ఏండ్లు మైకు పట్టుకున్నోనికి గట్టు ఎంతుండల్లో తెలీలేదు సూడు, సిగ్గుండల్ల నాకు."

అప్పుడే నేను చెప్పి ఉండవచ్చు. రంపం పళ్ల వంకే చూస్తూ నిలబడ్డాను.

"సూస్తా నిలబడితివే. ఆ పక్క పట్టుకో, కదలకుండా."

పట్టుకున్నాను. రంపం అక్షరాల మధ్యకు దిగింది. పసుపు రంగు పొడి నా చెప్పుల మీద పడింది. హారన్ బొమ్మ మూతి ఒక ముక్కకు, తోక ఒక ముక్కకు పోయింది.

ఆ ముక్కలకు కంతలు కోసి, స్పీకర్లు వాటికి బిగించి పండగ ముందురోజు క్యాసెట్టు వేశాడు. వైర్లు ఎర్రదారం చూసి ఉన్నవి ఉన్నట్టే కలిపాడు. మా మామ గొంతు మళ్లీ బావిలోంచే వచ్చింది. హొన్నూరప్ప టేపు ఆపేసి ఆ పలకల వంక చూశాడు. తరువాత తన చెవులు రెండూ అరచేతులతో మూసి, తెరిచి, మూసి చూసుకున్నాడు.

"పలక గాదు బావా. నా చెవులే పోయినాయి. వయసయినాది గదా." మెల్లగా వైరు చుట్టడం మొదలుపెట్టాడు. "ఆంజినక్కకు నువ్వే చెప్పు. ఓబులేశ్‌కు రావద్దని ఫోన్ చేయించు. వాడు అంత దూరం వొచ్చి ఈ గొంతు ఇని, ఇదే మా నాయన అనుకోని పోతాడు. అది పాపం."

ఆయన వైరు చుట్టే తీరు చూస్తూ ఇక నిలవలేకపోయాను.

"సెల్లు పెట్టి చూడు," అన్నాను.

"ఏంటికి? దారం ఉండాది గదా, నేను కట్టిందే."

"చూడు హొన్నూరా."

టార్చి విప్పి సెల్లు తీశాడు. కుడి స్పీకరుకు ఆనిస్తే కాగితం ముందుకు ఎగిరింది. ఎడమదానికి ఆనించాడు. లోపలికి పోయింది. ఇంకోసారి ఆనించాడు. మళ్లీ లోపలికే. వంగి ఎర్రదారాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఇది నా ముడి గాదు," అన్నాడు. "నేను రెండు సుట్లు సుట్టి కొస దూరుస్తా. ఇది తపాలా ముడి. ఉత్తరాల కట్టకు ఏస్తారు."

నిజమే. ముప్పై నాలుగేళ్లు వేసిన ముడి. నా చేతికి ఇంకోటి రాదు.

"ఏంటికి బావా?"

"ఆమె నీకాడ చింతపండు కొట్టేది," అన్నాను.

"సింతపండుకా!" నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "నా బోర్డు కోసేటప్పుడు ఆ పక్క నువ్వే పట్టుకున్యావు గదయ్యా. అప్పుడన్నా చెప్పగూడదా?"

ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సెల్లును జేబులో వేసుకుని పక్కకు జరిగాడు.

"ఇప్పు. వైర్లు సరిచేసి నువ్వే కట్టు. నీ ముడైతే ఊడదు."

ఇంటికి పోయేసరికి ఆంజినమ్మ పండగకు బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఇప్పినావా?" అంది.

గడపలోనే ఆగిపోయాను. ఆమె కూర్చునేది పలకల వెనక. వైర్లు, దారం, ముడి అన్నీ ఆమె కళ్లెదురుగానే. మొదటిరోజే చూసింది. ఇంట్లో సంచులకూ మూటలకూ నేను వేసే ఆ ముడిని నాకంటే ఎక్కువసార్లు విప్పింది ఆమే.

"తెలిసి కూడా చెప్పలేదే? పాపం వాడు బోర్డు కోసుకున్నాడు."

"బోర్డు సంగతి నాకేం ఎరక? నేను ఆ పక్కకే పోల్యా." అప్పుడు తల ఎత్తింది. "ముడి ఏసింది నువ్వు. నేను చెప్తే నేను ఇప్పినట్లయితాది. పండగ దాకా సూస్తామనుకుంటి. నువ్వు ఇప్పకపోతే తమ్మునికి ఆ పొద్దు అన్నం పెట్టి పంపిస్తాంటి. నీ పుస్తకం మాత్రం మళ్లా ఇంటాంటినో లేదో."

పండగనాడు చనిపోయిన పెద్దల పేరిట అన్నం వడ్డించి ఎడ పెట్టాక ఓబులేశ్‌తో షెడ్డుకు పోయాం. కోసిన బోర్డు ముక్కలు రెండూ ఎడంగా నిలబడి ఉన్నాయి. హొన్నూరప్ప మీట నొక్కాడు. క్యాసెట్లో ముందు హొన్నూరప్ప కుర్రగొంతు, "ఒకటి, రెండు, మూడు." తరువాత మా మామ దగ్గు. పాట ఇంకా మొదలు కాలేదు. ఆ దగ్గుకే ఓబులేశ్ పైకండువా నోట్లో కుక్కుకున్నాడు. పిల్లప్పుడు వాకిట్లో ఆ దగ్గు వినిపిస్తే పరిగెత్తి దాక్కునేవాడట. రెండు పలకల నడుమ, ఖాళీ నేల మీద, ముసలాయన కూర్చుని ఉన్నట్టే ఉంది.

నేను ముందర నిలబడ్డాను. ఆంజినమ్మ వెనక ఉంది. నాకు కనిపించడం లేదు. ముడి విప్పాను, తప్పు ఒప్పుకున్నాను, అయినా ఆ అసూయ అలాగే ఉంది. చచ్చిపోయిన మామ మీద, బతికున్న హొన్నూరప్ప మీద, ఆ కోసిన చెక్కల మీద.

హొన్నూరప్ప నా మోచెయ్యి పట్టి తోశాడు. "ఎనక్కి పో బావా. ఈడ నిలబడి ఏం ఇంటావు?"

పోయాను. ఆంజినమ్మ కళ్లు మూసుకునే ఉంది. అడుగు చప్పుడు విని, తెరవకుండానే జానెడు జరిగింది. కూర్చున్నాను. వెనకవైపు పాట కొంచెం మసకగా, కొంచెం వెచ్చగా ఉంది. ఒకరి వీపుకు చెవి ఆనించినట్టు. అప్పటిదాకా ఆమె ఏం వింటోందో నేను వినలేదు.

ఆ పలకలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. దినకర్మ అయ్యాక హొన్నూరప్ప ఇంటివాళ్లు తెచ్చి దించిపోయారు. గోడకు మూడడుగుల దూరంలో పెట్టాను. ఆంజినమ్మ గంప, సుత్తి తెచ్చుకుని వాటి వెనక కూర్చుంటుంది. పాట అయిపోయాక పుస్తకం తీయమంటుంది. చదువుతాను. పాట వింటున్నప్పుడు ఆమె సుత్తి ఆగిపోతుంది, నేను చదివేటప్పుడు ఆగదు. అది నేను ఇప్పటికీ గమనిస్తూనే ఉంటాను.