బల్ల మీద రెండుసార్లు

చరిత్ర రాసేవాళ్ళు యుద్ధాల మీద పెట్టిన శ్రద్ధలో వీసమెత్తు కత్తెరల మీద పెట్టి ఉంటే, గుడ్డ కోసే ముందు కత్తెరతో బల్ల మీద రెండుసార్లు టక్కుటక్కుమనిపించే అలవాటు ఎప్పుడు, ఎవరి వల్ల, ఏ పరిస్థితుల్లో మొదలైందో లోకానికి ఈపాటికి తెలిసి ఉండేది. వాళ్ళు పెట్టలేదు. అందుచేత ఆ భారం ఈ కథ మీద పడింది.

దొరికిన ఆధారాలన్నీ ఒక్క మనిషినే చూపిస్తున్నాయి: టైలరుగారి అక్క. తమ్ముడికి ఇంకా లాగు నడుమున నిలవని వయసులో, చేతికి మొదటిసారి కత్తెర ఇచ్చిన రోజున ఆమె ఈ శాసనం జారీ చేసింది.

"కోసే ముందు రెండుసార్లు కొట్టరా. ఒకటి గుడ్డకి, రెండోది నీకు. ఈలోపు కొలత తప్పని తోస్తే మానెయ్యి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే ఆ దేవుడు కూడా అతికించలేడు."

తమ్ముడు ఆ తరవాత జీవితంలో చాలా మరిచిపోయాడు. ఇచ్చిన గడువులు మరిచిపోయాడు, ఊళ్ళో సగంమంది నడుం కొలతలు మరిచిపోయాడు, తన పెళ్ళికి తను చొక్కా కుట్టుకోవడం కూడా మరిచిపోయాడు. ఆ రెండు టక్కులు మాత్రం మరవలేదు. కోత బల్ల అంచున, కత్తెర తగిలీ తగిలీ, పప్పుబద్ద పట్టేంత గుంట పడింది. తవ్వకాల శాఖ వారు ఎప్పుడైనా వస్తే చూపించడానికి అది చాలు.

దుకాణం ఒకటే గది. ముందు కోత బల్ల. గోడవారన తమ్ముడి మోటారు మిషను. కిటికీ పక్కన, వెలుతురంతా పడేచోట, అక్క తొక్కుడు మిషను. మూలన తలా చేతులూ లేని బొమ్మ. వెనక తలుపు దగ్గర పీట మీద తమ్ముడి భార్య కూర్చుని కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ, అవసరమైనప్పుడు ప్రపంచానికి ముగింపు వాక్యాలు పలుకుతూ ఉంటుంది. అక్క మకాం పక్క సందులో, సైకిలు షాపు మీది గదిలో. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కొలత కుదర్లేదు" అని చెప్పేది. తమ్ముడు పొట్టివాడు కాబట్టి చిన్నప్పుడే వాడికి 'అరగజం' అని పేరు పెట్టింది. ఆ పేరు పెట్టే హక్కు తనది, పిలిచే హక్కు కూడా తనదే. వీధిలో ఇంకెవరైనా అలా పిలిస్తే వాళ్ళకి ఆ పూట మూడినట్టే.

అక్కకి ఒక జబ్బుంది. డాక్టరు దానికి చెప్పే పేరు ఆసుపత్రి గోడంత పొడుగుంటుంది. ఇంట్లోవాళ్ళు ఆ పేరుతో కుస్తీపట్టకుండా తమకు తెలిసిన భాషలోకి దించుకున్నారు. అక్క కులాసాగా కుట్టుకుంటూ, వచ్చేపోయేవాళ్ళ మీద జోకులు వేసే రోజులు 'తొక్కుడు రోజులు'. నిద్ర మానేసి, నోరు మిషను సూదిలా ఆగకుండా ఆడుతూ, చేతికందినవి ఎగిరే రోజులు 'మోటారు రోజులు'. మంచం దిగని, పలకరిస్తే గోడకేసి తిరిగే రోజులు 'బెల్టు జారిన రోజులు'. మందులు వేసుకుంటే తొక్కుడు రోజులు ఎక్కువ. వేసుకున్నా ఒక్కోసారి మోటారు దానంతటదే అందుకుంటుంది. ఇందులో అక్క తప్పేమీ లేదు. తప్పు లేనంతమాత్రాన తగిలిన దెబ్బ నొప్పెట్టకుండా ఉండదని మాత్రం ఇంటిల్లిపాదికీ కాస్త ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది హెడ్మాస్టరుగారి కోటు వల్ల. పదవీ విరమణ సభకని ఆయన కుట్టించుకున్న కోటది. ఆయన తొడుక్కుని అద్దంలో తనను తాను గౌరవంగా చూసుకుంటున్న సమయంలో అక్క లోపలికి వచ్చింది. కళ్ళు చూడగానే తమ్ముడికి మోటారు రోజని అర్థమైంది.

"కుడి భుజం చూశావట్రా? ఇది కోటా, కొండచరియా? విప్పండి సార్, విప్పండి!"

హెడ్మాస్టరు వేలమంది పిల్లల్ని గదమాయించిన మనిషి. మారుమాట లేకుండా విప్పి ఇచ్చేశాడు. అక్క ఆయన ముందే కుట్లన్నీ పటపటా విప్పింది. తమ్ముడు "అక్కా, అక్కా" అంటూ చుట్టూ తిరిగాడు. ఆ అనడం ఆజ్యంలా పనిచేసింది. సుద్ద ఎగిరింది, టేపు ఎగిరింది, గుండీల డబ్బా ఎగిరింది. ఆఖరికి కత్తెర ఎగిరి, పీట పక్కన, భార్య పాదానికి జానెడు దూరంలో నేలలో నాటుకుంది.

అక్క ఆ కత్తెర వంకే చూసి, మొహం పాలిపోయి, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు సభకి పాత కోటుతోనే వెళ్ళాడు.

భార్య కత్తెర పీకి బల్ల మీద పెట్టింది.

"వదిన్ని రావద్దనట్లేదండీ. ఆవిడ లేకపోతే ఈ కొట్లో నాకు మాట్లాడే దిక్కే లేదు. ఆ విసురుడుతో రావద్దంటున్నా. ఎవరో ఒకళ్ళు చెప్పాలిగా."

"చెబుతా."

"మీరా? రేపటికి కోటు కావాలంటే రేపటికీ సరే, ఇవాళ్టికే కావాలంటే ఇవాళ్టికీ సరే అనే మనిషి మీరు. మీ నోట్లో 'కుదరదు' అన్న మాటకి ఎప్పుడో కుట్టు పడిపోయింది."

ఇది నిజం. తమ్ముడి భయం కూడా నిజమే. అమ్మా నాన్నా పోయాక తనని సాకిందీ, పని నేర్పిందీ, ఈ దుకాణం తెరిచిందీ అక్క. ఆమెని ఒక్కసారి 'వెళ్ళు' అంటే, అక్క సంగతి తనకు తెలుసు, ఆ మనిషి మళ్ళీ రాదేమో. కిటికీ పక్క మిషను ముందు ఖాళీ కుర్చీని ఊహించుకుంటేనే వాడికి ముద్ద దిగేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆయన క్లుప్తంగా చెప్పాడు. "మందు మోతాదు నేను చూస్తాను. నియమం మీరు పెట్టాలి. ఆవిడ బాగున్నప్పుడు చెప్పండి, బాగోలేనప్పుడు నిలబడండి. ఒక్కటే పెట్టండి, చిన్నది. మార్చకండి."

తమ్ముడు సాధన మొదలుపెట్టాడు. మూలనున్న బొమ్మకి ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, "అక్కా, ఇది కుదరదు" అని గంభీరంగా అన్నాడు. బొమ్మ ఒప్పుకుంది.

వెనకనుంచి భార్య అంది: "తల లేనివాళ్ళకి బాగానే చెబుతున్నారు. ఉన్నవాళ్ళకి ఎప్పుడో?"

మంచి తొక్కుడు రోజొకటి చూసుకుని చెప్పాడు. అక్క దిండుగలీబుకి అంచు కుడుతోంది. మందు మోతాదు మార్చాక మొహం తేటపడింది.

"అక్కా, ఓ మాట."

"అప్పు లేదు."

"అది కాదు. నీకు ఒంట్లో బాగోనప్పుడు, అరుపులు మొదలైనా, ఏదైనా విసిరినా, నేను బల్ల మీద రెండుసార్లు కొడతా. కొట్టగానే నువ్వు చేతిలోది కిందపెట్టి ఇంటికెళ్ళిపోవాలి. వాదించకూడదు. మర్నాడు రావాలి. నీ మిషను ఎవరూ ముట్టుకోరు."

మిషను ఆగింది.

"నన్ను పొమ్మంటావట్రా, అరగజం?"

"నిన్ను కాదక్కా. ఆ పూటని."

"నేను నేర్పిన టక్కు నాకే కొడతావా?"

"నువ్వు నేర్పినవాటిలో నాకు సరిగ్గా వచ్చింది అదొక్కటే."

అక్క నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. దారం తెంపి, మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తమ్ముడు రోజూ క్యారియరు తీసుకెళ్ళి సైకిలు షాపు మెట్లెక్కి తలుపు కొట్టేవాడు. తలుపు తెరుచుకునేది కాదు. గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాడు. ఖాళీ క్యారియరు మాత్రం కడిగి బోర్లించి ఉండేది. తిరిగొచ్చి, కిటికీ దగ్గరి కుర్చీ మీద పడ్డ ఎండని చూస్తూ కూర్చునేవాడు.

"నియమం మార్చేద్దామంటావా?" అని భార్యని అడిగాడు.

"కత్తెర పడింది నా కాలి పక్కన," అంది భార్య. కాజా దారం కొరికి, "క్యారియర్లో ఇంకాస్త ఎక్కువ పెడతా," అంది.

కొన్నాళ్ళకి మూసిన తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది. "కూరలో ఉప్పు తక్కువైందని మరదలికి చెప్పు."

సంధి రాయబారాల చరిత్రలో ఇంతకన్నా తియ్యటి వాక్యం లేదని తమ్ముడి అభిప్రాయం. పరుగున వచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ, "ఉప్పు సరిపోయింది. ఆవిడకి మాట్లాడాలనిపించింది," అంది. ఆ వారంలోనే అక్క వచ్చింది. ఏమీ జరగనట్టు మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టింది.

నియమానికి అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. అక్క తలుపు దగ్గరే మొదలుపెట్టింది. వీధి మొత్తానికి కుట్టు రాదు, తమ్ముడికి బుద్ధి రాదు, మరదలికి కాజా రాదు. తమ్ముడు కత్తెర తీసుకున్నాడు. బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.

గుండుసూదుల దిండు వచ్చి వాడి భుజానికి తగిలింది.

వాడు మళ్ళీ రెండుసార్లు కొట్టి, వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి, పక్కన నిలబడ్డాడు. అరవలేదు, బతిమాలలేదు. "రేపు రా అక్కా," అన్నాడు. అక్క వాడి ఎత్తు మీద, ఎత్తు లేకపోవడం మీద, తనకి తోచినన్ని విశేషణాలు వాడుతూ వాన చినుకుల్లోకి దిగింది.

ఇంటికి వెళ్ళలేదు. ఎదుటి మందుల షాపు చూరు కింద నిలబడి, తడుస్తూ, ఇటే చూస్తోంది. తమ్ముడు కిటికీ అద్దంలోంచి చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు, వచ్చేస్తుంది. వస్తే నియమం పోతుంది. కేక గొంతుదాకా వచ్చింది. మింగాడు. బొమ్మ ముందు చేసిన సాధనంతా ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు.

భార్య లేచి, మూలనున్న గొడుగు తీసింది.

"ఎక్కడికి?"

"లోపలికి రమ్మనకూడదన్నారు. గొడుగు ఇవ్వకూడదన్లేదుగా."

ఆవిడ వీధి దాటి, గొడుగు విప్పి, అక్క చేతిలో పెట్టింది. ఏదో అంది. అక్క ఏదో అంది. గొడుగు పక్క సందులోకి తిరిగి కనుమరుగైంది.

"ఏమందే?"

"కాజా కుట్టడం రేపు నేర్పుతానంది."

మర్నాడు నేర్పింది కూడా.

ఆ తరవాత రెండు టక్కులు అప్పుడప్పుడూ మోగాయి. ఒకసారి తిట్లు ఎక్కువ, ఒకసారి తక్కువ. కానీ మర్నాడు అక్క రాకపోవడం మళ్ళీ జరగలేదు. తమ్ముడికి తెలియకుండానే ఇంకో మార్పు జరిగింది. ఒక పెద్దమనిషి "సాయంత్రానికి సూటు కావాలి" అంటే, "కుదరదండీ" అన్నాడు. భార్య పీట మీదనుంచి లేచి, మొగుడి మొహం చూడ్డానికి వచ్చింది.

ఇక ఈ చరిత్రలో చివరి ఘట్టం. మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం, తమ్ముడు ఒక చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. అక్క తల ఎత్తి చూసింది. చూపు ఆగింది. లేచి వచ్చింది. గొంతు ఒక మెట్టు ఎక్కింది.

"ఆ కాలరేంట్రా? మనిషి మెడకి కుట్టావా, ఒంటె మెడకి కుట్టావా? నాన్న ఉంటే నిన్ను, నిన్ను..."

ఇంకో మెట్టు ఎక్కింది. చెయ్యి గుండీల డబ్బా మీద పడింది. తమ్ముడి చెయ్యి కత్తెర కోసం వెళ్ళింది.

కత్తెర అక్కడ లేదు. అక్క రెండో చేతిలో ఉంది.

వెనక తలుపు దగ్గర భార్య కాళ్ళు పీట కిందికి లాక్కుంది. అక్క కత్తెర వంక చూసింది. తమ్ముడి వంక చూసింది. గట్టిగా ఊపిరి పీల్చి, బల్ల అంచున, తను నేర్పిన టక్కులకి పడిన గుంటలోనే, రెండుసార్లు కొట్టింది. టక్కు, టక్కు. కత్తెర కిందపెట్టి, డబ్బా మూత వేసి, చెప్పులేసుకుంది.

"రేపొస్తా," అంది గుమ్మంలో, ఎవరి వంకా చూడకుండా.

తమ్ముడు చాలాసేపు తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. రాజులు కిరీటాలు దించిన రోజులున్నాయట, సేనలు వెనక్కి మళ్ళిన రోజులున్నాయట. తన కోత బల్ల దగ్గర జరిగినంతటి విజయం ఎవరూ సాధించలేదని, దీన్ని ఎక్కడైనా చెక్కించాలని వాడికి అనిపించింది. కళ్ళు తుడుచుకుని, కొక్కేనికున్న చొక్కా తీసి, వెలుతుర్లో పెట్టి చూశాడు.

కాలరు వంకరగానే ఉంది.