అక్క ఓడిన శనివారం

మొన్న కొత్త ఫోనులో చదరంగం ఆడుతుంటే, బంటు మీంచి నా వేలు తీసేలోపే అది జవాబు వేసేసింది. ఒకప్పుడు కంప్యూటరు ఒక్క ఎత్తుకు మనల్ని ఎంతసేపు కూర్చోబెట్టేదో మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరరుగా చేరిన కొత్తలో, చెప్పులు బయట విప్పి వెళ్లాల్సిన ఆ ఏసీ ల్యాబులో కూర్చుని నేనే ఒక చదరంగం ప్రోగ్రాం రాశాను. చిన్నప్పుడు నాకు ఆట నేర్పింది మా పెద్దక్క. ఏలూరు మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. నా ప్రోగ్రాంతో ఆడమని పిలిస్తే, శనివారం ఒంటిపూట బడి అవగానే పాసింజరెక్కి వచ్చేది. మెషీను ఎత్తుకు పది నిమిషాలు ఆలోచిస్తుంటే తను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, మధ్యలో తలెత్తి ఒక ఎత్తు వేసి, చివరికి ఎప్పుడూ తనే గెలిచేది.

ప్రిన్సిపాలుగారిని బతిమాలి రెండింతలు వేగంగా పనిచేసే మెషీను తెప్పించాను. ప్రతి ఎత్తుకూ ముప్ఫై దాకా జవాబులుంటాయి, ఒక్క ఎత్తు అదనంగా ముందుకు చూడాలంటేనే పని ముప్ఫై రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఆ వేగం ఏ మూలకూ చాలలేదు. మళ్లీ అక్కే గెలిచింది. చిన్నబోయి, ఇన్ని ఎత్తులు ఎలా చూస్తావని అడిగాను.

"అన్నీ ఎవరు చూస్తార్రా? ఇది వేస్తే మంత్రి పోతుందని తేలాక, ఇంకా ఎన్ని రకాలుగా పోతుందో లెక్కపెడుతూ కూర్చుంటానా? దాన్నొదిలేసి ఇంకోటి చూస్తాను," అంది.

నా ప్రోగ్రాం చేస్తున్నది సరిగ్గా ఆ వృథా లెక్కే. ఈ కిటుకు పుస్తకాల్లో అప్పటికే ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. చెడ్డదని తేలిన ఎత్తును అక్కడే వదిలెయ్యమనీ, చంపే ఎత్తుల్ని ముందు చూడమనీ వారమంతా కూర్చుని తిరగరాశాను. అదే మెషీను, అదే పది నిమిషాల్లో, మునుపటికన్నా రెండెత్తులు ముందుకు చూసింది. ఆ శనివారం అక్క ఓడిపోయింది.

దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి, "బాగా చెప్పావురా దీనికి," అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "ఇది రాయడం నాక్కూడా నేర్పుతావా?"

అలాగేలే అక్కా అన్నాను. మరోసారి కూడా అడిగింది. నేను ఇంకా వేగం పెంచే ధ్యాసలో పడి, చూద్దాంలే అన్నాను. మెల్లగా తను రావడం తగ్గించింది, నేనూ రమ్మనలేదు.

అక్క పోయి మూడేళ్లవుతోంది. తను పనిచేసిన బళ్లో ఇప్పుడు ఆరో తరగతి ఆడపిల్లలు ప్రోగ్రాములు రాస్తున్నారు, టీచర్లు ముందు తాము నేర్చుకుని మరీ చెబుతున్నారు. అక్క రోజుల్లో నేర్పేవాళ్లు దొరకలేదని సరిపెట్టుకుందామనిపిస్తుంది గాని, నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.