కోరుట్ల బస్టాండు దగ్గర నా ఫ్లెక్సీ

కోరుట్లలో నేను ఒకసారి చచ్చిపోయాను. ఇరవై ఏళ్లకు పైగా బీమా, పొదుపు సలహాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి, అయినా ఆ ముక్క గర్వంగానే చెప్పుకుంటాను.

అప్పట్లో మా వైపు ఇంటికొక మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాడు. బోర్లు ఎండి కొందరు పోయారు, మగ్గాలు ఆగి సిరిసిల్ల నుంచి కొందరు పోయారు. విమానం ఎక్కేముందు మా ఇంటికొచ్చి సంతకాలు పెట్టి, బీమా, డిపాజిట్ కాగితాలన్నీ నాకే అప్పగించేవారు. "ఇంట్ల ఉంటె ఎలుకలు కొడ్తయన్నా, నీ తాననే ఉండనియ్" అనేవారు. కథలాపూర్ నుంచి వీర్నపల్లి దాకా ఊళ్లకు ఊళ్లే నా బీరువాలో ఉన్నాయని మురిసిపోయేవాణ్ణి.

ఒక ఎండాకాలం కంపెనీ వాళ్లు జగిత్యాలలో మాకు శిక్షణ పెట్టారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, మీ ముఖాన్ని నలుగురికీ చూపించండి, వ్యాపారం దానంతటదే వస్తుందన్నాడు. ఫ్యాన్లు తిరగని ఆ హాల్లో మా ముఖాలు చూస్తే ఉన్న వ్యాపారం కూడా పోయేటట్టుంది. కానీ నాకు ఆ మాట తలకెక్కింది.

మరునాడే ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. తెల్ల చొక్కా వేసుకుని చేతులు జోడించిన ఫోటో ఇచ్చాను. వెనకాల నీలి ఆకాశం, మబ్బులు పెట్టమన్నాను. చుట్టూ పూలుంటే నిండుగా ఉంటుందన్నాను. కింద నేను స్వయంగా రాసిన వాక్యం: "మనం ఉన్నా లేకున్నా మన కుటుంబం చల్లగా ఉండాలి." షాపాయన నా ముఖం చూసి ఏదో అడగబోయి ఊరుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాను. పది గంటలకల్లా మా వాకిలి నిండా చెప్పులే. తలుపు తీసిన నన్ను చూసి ఒకాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకొకాయన చేతిలోని దండను వీపు వెనక దాచుకున్నాడు. మా ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "ఉన్నడు, ఉన్నడు. అచ్చిండ్రు గద, చాయ్ తాగి పోండ్రి" అంది.

అంతలో కథలాపూర్ నుంచి ఒకామె ఏడ్చుకుంటూ వచ్చింది. బీడీలు చేసే మనిషి, భర్త దుబాయిలో మేస్త్రీ. నా కోసం ఇంతగా ఏడ్చేవాళ్లు కూడా ఉన్నారా అని నా గుండె కరిగిపోయింది. ఆమె నన్ను చూసి అరుగు మీద కూలబడింది.

"ఉన్నవా అన్నా! బతికిచ్చినవ్. ఏదడిగినా మా ఆయన అన్నకెరుక అంటడు. మా కాయితాలేందో, ఏడున్నయో, ఎవ్వల్ని అడగాలెనో నాకేమెరుక?"

ఏడ్చింది నా కోసం కాదు, కాగితాల కోసం. ముందు మనసు చివుక్కుమన్నది. తర్వాత సిగ్గేసింది. నేను నిజంగానే పోయి ఉంటే ఆమె భర్త ఎండలో పడ్డ కష్టమంతా నా బీరువాలో దిక్కులేకుండా పడి ఉండేది.

మూలన చుట్ట కాలుస్తున్న మా నాన్న అదంతా విన్నాడు. ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. "ఊరందరికి కల్లు పోసిన గని, నడుముకు కట్టుకునే మోకు మాత్రం ఎవ్వని చేతికియ్యలేరా. పొద్దుగాల నేనే గుంజి సూసుకుంటి. నువ్వేంది, ఊరందరి మోకులు నీ బీరువల వెట్టుకున్నవ్?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దింపించాను. మరునాటి నుంచి బండి మీద ఇల్లిల్లూ తిరిగి ఎవరి కాగితాలు వాళ్లకిచ్చాను. ఏ కాగితం దేనికో, ఏ ఆఫీసుకు పోవాలో, ఎవర్ని అడగాలో పెద్దక్షరాలతో రాసిచ్చాను. ఆడవాళ్లను కూర్చోబెట్టి, "నేను సచ్చిపోయిననే అనుకో. ఇప్పుడేం జేస్తవ్?" అని అడిగి, వాళ్ల నోటితో చెప్పించాను. కథలాపూర్ ఆమె బీడీలు చుడుతూనే నన్ను ఎదురు ప్రశ్నలతో చంపింది. డిపాజిట్ మీద ఇద్దరి పేర్లున్నాయనీ, ఎవరు సంతకం పెట్టినా డబ్బు వస్తుందనీ తెలిశాక గానీ వదల్లేదు. పనిలో పనిగా మేకల కొట్టం మీద కప్పడానికి నా ఫ్లెక్సీ కూడా అడిగి పుచ్చుకుంది. నేను చేతులు జోడించి ఆ మేకల్ని చాలా వానల నుంచి కాశాను.

"అన్నీ వాళ్లకే చెబితే ఇక నీతో పనేముంటుంది?" అని మా పై ఆఫీసరు కసిరాడు. నేను బండి తీసి పక్క ఊరికి పోయాను.

కొన్నేళ్లకు ఆమె భర్త ఒళ్లు చిక్కి, చొక్కా వదులై, చేతిలో ఖర్జూరాల పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. పక్కన ఆమె ఉంది. అక్కడ కంపెనీ మూతపడి, జీతం లేక, తిండికి కూడా కటకటై నెలల తరబడి క్యాంపులో చిక్కుకుపోయాడట.

"నువ్వు టికెట్ పంపకపోతె ఆడ్నే సచ్చిపోదునన్నా" అని నా చేతులు పట్టుకున్నాడు.

నేను తెల్లబోయాను. నాకసలు సంగతే తెలియదు.

ఆమె నవ్వింది. "కాయితం వట్కొని జగిత్యాల ఆఫీసుకు నేనే వోయిన. కౌంటర్ల రేపు రమ్మన్నరు. పెద్దసారు ముంగట కూసున్న, గా దినమే డిపాజిట్ పైసలిచ్చిండ్రు, టికెట్ నేనే పంపిన."

"నాకొక్క ఫోన్ జేస్తె నేనే వోదును గద చెల్లె?"

"ఎందుకన్నా? నువ్వు సచ్చిపోయినవనే అనుకొని వోయిన."

మూలనుంచి నాన్న చుట్ట పక్కకు తీసి పెద్దగా నవ్వాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వృత్తిలో నన్ను అంత బాగా మెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.